సినిమాలో లేని పాట

పాట బాగుందంటే మనం వేసే మొదటి ప్రశ్న, "ఏ సినిమాలోది?" రెండోది, "హీరో ఎవరు?" పాడిందెవరన్నది మూడోది. బాణీ కట్టిందెవరన్నదాకా వచ్చేసరికి ఇంటర్వెల్ అయిపోయి లైట్లు ఆర్పేస్తారు! తెలుగునాట పాటకి ఇంటిపేరు సినిమా. ఇంటిపేరు లేని పాటకి సంబంధం కుదరడం కష్టం.

మరి సినిమా అండ లేకుండా తనే బాణీ కట్టి, తనే గిటారు మీటుతూ, తనే పాడి జనాన్ని కుర్చీల్లోంచి లేపే మనిషి వుంటాడా? వుంటాడు. ఎక్కడో అమెరికాలో కాదు. పెనుకొండలో రైలెక్కి హిందూపురం, గౌరీబిదనూరు, యలహంక దాటితే వచ్చే బెంగళూరులో! పేరు రఘు దీక్షిత్.

"ఆయనెవరో మాకు తెలీదే" అనకండి. 2015లో వచ్చిన 'శ్రీమంతుడు'లో 'జాగో' పాట విన్నారా? ఆ గొంతు ఆయనదే.

* * *

ఆమధ్య మా అక్కయ్య కొడుకుని వెంటేసుకుని బెంగళూరు వెళ్ళి ఆయన కచేరీ చూసొచ్చాను. రాక్ కచేరీ అంటే తోలు కోటు, నల్ల కళ్ళద్దాలు, జుట్టు విరబోసుకుని అరుపులు అని కదా మన వూహ? తెర వెనకనుంచి వచ్చిన మనిషి మెరిసే రంగు లుంగీ కట్టాడు. కాళ్ళకి గజ్జెలు. మెడలో గిటారు. మావాడు నా చెవిలో, "ఏం మామా, ఈయప్ప మనూరి తిరునాళ్ళకి వచ్చినట్ల వచ్చినాడే!" అన్నాడు.

గజ్జెలు వేషం కోసం కాదు. మైసూరులో పెరిగిన రఘు దీక్షిత్ చిన్నప్పుడే భరతనాట్యం నేర్చాడు. చదివింది మైక్రోబయాలజీ, అందులో బంగారు పతకం. మగాడివై వుండి గజ్జెలు కట్టడమేంటని ఎగతాళి చేసిన తోటి విద్యార్థితో పందెం కాసి గిటారు పట్టాడట. బెల్జియంలో మందుల కంపెనీ వుద్యోగం కూడా చేసి, దాన్ని వదిలి పాటకొచ్చాడు.

డ్రమ్సు మోత మొదలవగానే ముందు వరసల్లో కుర్రకారు లేచింది. మూడో పాటకి వెనక వరసల్లో పెద్దవాళ్ళూ లేచారు. నాకు నచ్చిందేమిటంటే, చప్పుడు ఎంతున్నా ఒక్క మాట కూడా మింగుడు పడలేదు. ప్రతి మాటా స్పష్టం!

* * *

ఆ రాత్రి అందరికన్నా ఎక్కువ ఈలలు పడింది దేనికో తెలుసా? హుక్కా మీద పాటకి. రాసింది నిన్న మొన్నటి కవి కాదు, శిశునాళ షరీఫ్. 1819లో పుట్టి 1889లో పోయిన కన్నడ తత్త్వకవి. పుట్టుక ముస్లిం ఇంట, గురువు గోవిందభట్టు బ్రాహ్మణుడు. చూడ్డానికి హుక్కా పాట, లోపల వున్నదంతా మనిషి దేహం, మనసు సంగతి. మన వేమన, వీరబ్రహ్మం తత్త్వాలు విన్న చెవికి అర్థం చెప్పక్కర్లేదు. బాబయ్య దర్గాలో కులం మతం లేకుండా జనం చక్కెర చదివింపులు చేసే పెనుకొండ వాళ్ళకి అసలే చెప్పక్కర్లేదు.

సినిమా పిచ్చోళ్ళకి ఒక కబురు. ఈ షరీఫ్ మీద 1990లో టి.ఎస్. నాగాభరణ 'సంత శిశునాళ షరీఫ' అని కన్నడంలో సినిమా తీశారు. గోవిందభట్టుగా గిరీష్ కర్నాడ్, సంగీతం సి. అశ్వథ్. అంటే ఆ తాతగారి మాట సినిమాకీ పనికొచ్చింది, రాక్ గిటారుకీ పనికొచ్చింది. మాటలో సత్తా వుంటే వాయిద్యం అడ్డం రాదు.

* * *

ఇదంతా సులువుగా జరిగిందనుకునేరు! 'అంతరాగ్ని' అని బ్యాండు కట్టిన రోజులనుంచి తొలి ఆల్బం బయటికొచ్చేసరికి దాదాపు పదేళ్ళు పట్టింది. చివరికి హిందీ సంగీత దర్శకులు విశాల్-శేఖర్ తమ సొంత సంస్థ ద్వారా 2008లో విడుదల చేశారు. ఆ తర్వాత 2010లో బి.బి.సి.లో జూల్స్ హాలండ్ కార్యక్రమం, 2011లో ఇంగ్లండులో గ్లాస్టన్‌బరీ వుత్సవం. సినిమాలూ వెతుక్కుంటూ వచ్చాయి. 'సైకో' (2008), మన 'ఈగ' విలన్ సుదీప్ దర్శకత్వం వహించి నటించిన 'జస్ట్ మాత్ మాతల్లి' (2010), 'లవ్ మాక్‌టైల్' (2020) సంగీతం ఆయనదే.

తెలుగులోనూ ఈ దారి పడింది. రామ్ మిరియాల 'చౌరస్తా' బ్యాండులో 'ఊరెళ్ళిపోతా మామా' పాడి పేరు తెచ్చుకున్నాకే, 2021లో 'జాతిరత్నాలు'లో 'చిట్టి' పాడాడు. 2022లో 'డిజె టిల్లు' పాటకి బాణీ, గొంతు రెండూ ఆయనవే. ముందు పాట, తర్వాత సినిమా.

* * *

ఇంతకీ మావాణ్ణి ఎందుకు తీసుకెళ్ళానో చెప్పాలి. వాడు పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తాడు. పాటలు రాస్తాడు. షార్ట్ ఫిల్ములు తీసే ఒకాయన వాడి పాట చూసి, "'యాడికి పోతాండావు' ఏంటయ్యా? 'ఎక్కడికెళ్తున్నావు' అని మార్చు, అప్పుడు సినిమాకి పనికొస్తుంది" అన్నాడట. వీడు నోటుబుక్కు నిండా సొంత మాటలన్నీ కొట్టేసి, వుద్యోగం మానేసి హైదరాబాదు బండెక్కుతానని కూర్చున్నాడు. మా అక్కయ్య రెండు రోజులు అన్నం ముట్టలేదు.

తిరుగు రైల్లో వాడు పెద్దగా మాట్లాడలేదు. హిందూపురం దాటాక నోటుబుక్కు తీసి, కొట్టేసిన మాటల పైన మళ్ళీ అవే మాటలు రాసుకోవడం చూశాను.

"ఏంరా అల్లుడా?"

"కన్నడమోళ్ళు వాళ్ళ తాత మాటకి ఎగురుతాండారు మామా. మన మాటకి మనోళ్ళు ఎగరరా?"

ఎగురుతారో లేదో నేను హామీ ఇవ్వలేను. రఘు దీక్షిత్ వుద్యోగం వదిలాడు కదా అని అందరూ వదలమనీ చెప్పను. ఆ పదేళ్ళ ఓపిక అందరికీ వుండదు, అందరి ఇళ్ళూ భరించలేవు. మావాడు మాత్రం వుద్యోగం మానలేదు, నోటుబుక్కూ మానలేదు. ఆదివారాలు స్నేహితులతో కోట గోడ దగ్గర కూర్చుని ఆ పాటకి బాణీ కడుతున్నాడు. ఈసారి ఉరుసుకి వినిపిస్తాడట. "ఏ సినిమాలోది?" అని మాత్రం అడక్కండేం!