ఎదురుగా కూర్చుని అడగాలి

సూరత్ నుంచి బార్డోలీ వెళ్లే దారిలో, పల్సానా తాలూకాలో ఉంది జోల్వా. పేరుకు ఊరే గానీ ఇప్పుడక్కడ పొలాలకన్నా మిల్లులే ముందు కనిపిస్తాయి. పాలిస్టర్ నూలు తీసే కర్మాగారాలు, మగ్గాల షెడ్లు, వాటి వెనక కూలీలు అద్దెకుండే గదుల వరసలు. ఒడిశా, ఉత్తరప్రదేశ్, బీహార్‌ల నుంచి వచ్చినవాళ్లతో నిండిన పారిశ్రామిక వాడ ఇది. ఇక సూరత్ నగరంలోని లింబాయత్, ఉధనా వైపు వెళ్తే మనవాళ్లే. తెలంగాణ నుంచి తరతరాలుగా వలసపోయిన నేతపనివాళ్లు. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడిపేంత జనం ఉన్నారు. ఇంతమంది బతుకు మన సాహిత్యంలో ఎంత కనిపిస్తోందో చూస్తే బాధ కలుగుతుంది.

రాసేవాళ్లు లేక కాదు. రాసే పద్ధతే మారింది. మా పత్రికకు వచ్చే ముఖాముఖిల్లో ఎక్కువ భాగం వాట్సాప్‌లో ప్రశ్నలు పంపి, వచ్చిన జవాబులు వరసగా పేర్చినవే. "వలస జీవితం ఎలా ఉంది?" అని అడుగుతారు. "బాగానే ఉంది సార్" అని వస్తుంది. పన్నెండు గంటల పాలి (షిఫ్టు) దిగి వచ్చిన మనిషి, ముఖమెరుగని వాడికి అంతకన్నా ఏం చెబుతాడు? అదే గదిలోకి వెళ్తే అడగాల్సింది ఎదురుగానే కనబడుతుంది. నలుగురు పట్టే గదిలో గోడకు ఎనిమిది సంచులు వేలాడుతుంటాయి. పగటి పాలివాడు లేచి వెళ్లిన చాప మీదే రాత్రి పాలివాడు ఒరుగుతాడు. "అన్నా, ఈ చాప ఎవరిది?" అని అడిగి చూడండి. అద్దె, సేటు, భోజనం పెట్టే మెస్సు, ఊళ్లో అప్పు, పండక్కి వెళ్లలేకపోవడం, అన్నీ ఆ ఒక్క ప్రశ్న వెంటే వస్తాయి. సాంచెల (మరమగ్గాల) మోతలో ఏళ్లు గడిపినవాళ్లకు వినికిడి మందగిస్తుంది. ఫోన్లో మనం అడిగింది సగం వినబడక, ఏదో ఒకటి చెప్పి పెట్టేస్తారు. ఎదురుగా కూర్చుంటే ఆ సంగతి ఒకరు చెప్పకుండానే తెలిసిపోతుంది.

జోల్వా దారి ముందుకు సాగి చేరే బార్డోలీ కథ ఇక్కడ గుర్తు చేసుకోవాలి. అక్కడి భూమిశిస్తును సుమారు 30 శాతం పెంచాలని సెటిల్మెంటు అధికారి సిఫార్సు చేశాడు. ప్రభుత్వం దాన్ని 22 శాతానికి తగ్గించి అమలుకు దిగింది. ఆ అధికారి ఊళ్లు తిరిగి కౌళ్ల సంగతి సరిగా విచారించలేదన్నది రైతుల ఫిర్యాదు. 1928లో వల్లభభాయ్ పటేల్ నాయకత్వంలో వాళ్లు శిస్తు కట్టడం మానేశారు. చివరికి బ్రూమ్‌ఫీల్డ్, మాక్స్‌వెల్ అనే ఇద్దరు అధికారులతో విచారణ సంఘం వేయక తప్పలేదు. వాళ్లు ఊళ్లకు వెళ్లి రైతుల నోటే విన్నారు. రైతుల తరఫున మహదేవ్ దేశాయ్, నరహరి పరీఖ్ దగ్గరుండి లెక్కలు చూపించారు. వెనకటి లెక్కలు నిలబడలేదు. పెంపు ఆరు శాతం దగ్గరకు దిగింది. సత్యాగ్రహం లేకపోతే ఆ విచారణే జరిగేది కాదు, నిజమే. కానీ కాగితం మీద 22గా ఉన్నది ఊళ్లోకి వెళ్లి అడిగేసరికి 6 అయింది.

మనకూ ఇంత గట్టి ఉదాహరణ ఒకటుంది. స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం 1986లో వెలువరించిన 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకం. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వెతుక్కుంటూ వెళ్లి, కూర్చుని, టేపులో మాట పట్టి, వాళ్ల పలుకుబడి చెడకుండా అచ్చు వేశారు. అడవిలో దళంతో ఉండి, కన్నబిడ్డను పరాయి చేతికి ఇచ్చేయాల్సి వచ్చిన కమలమ్మ కడుపుకోత ఆ పుస్తకంలో ఉంది. పార్టీ చరిత్రల్లో చోటు దొరకని దుఃఖం అది. ప్రశ్నల జాబితా పంపితే ఆ మాట బయటికి వచ్చేదా? అడిగే ఆడవాళ్లు, చెప్పే ఆడవాళ్లు ఒకచోట చేరబట్టి వచ్చింది. మధ్యలో ఆగిపోయినా తొందరపెట్టకుండా ఆగబట్టి వచ్చింది.

వెళ్లినంత మాత్రాన చాలదు. సేటు కుర్చీ పక్కన నిలబెట్టి అడిగితే ఎవరూ నిజం చెప్పరు. పాలి దిగాక, టీ బండి దగ్గరో, సెలవు రోజున గదిలోనో కలవాలి. మొదటి రోజు ఫోను బయటికి తీయకపోతే మంచిది. "ఏ ఊరు బిడ్డా, ఎవరింటివాడివి?" అని ముందు వాళ్లే మనల్ని ఇంటర్వ్యూ చేస్తారు. దానికి ఓపిగ్గా జవాబు చెప్పాలి. భీము, కండె, పాలి, ఆసామి అని వాళ్లు అంటే అలాగే రాయాలి, పుస్తకాల మాటలతో మార్చకూడదు. పేరు వేయొద్దంటే వేయకూడదు.

వచ్చే సంచిక నుంచి శ్రామికుల ముఖాముఖిలు ఫోన్ మీద చేసినవి తీసుకోం. సూరత్, భీవండి, షోలాపూర్ వెళ్లి రాయదలచిన యువ రచయితలకు దారి ఖర్చులు పత్రికే ఇస్తుంది. రాసిందాన్ని అచ్చుకు ముందు చెప్పిన మనిషికి చదివి వినిపించాలి, వద్దన్న మాట తీసేయాలి. సాంచె పని తెలిసిన ఇళ్ల పిల్లలు ముందుగా మాకు ఉత్తరం రాయండి.