మార్చి మ్యాడ్‌నెస్‌: చాంపియన్ అయినా మళ్లీ క్వాలిఫయర్ ఆడాల్సిందే.. ‘ఫస్ట్ ఫోర్’ లెక్కేంటి?

అమెరికాలో మార్చి వచ్చిందంటే కాలేజీ బాస్కెట్‌బాల్ ఫీవరే. ఏ జట్టు ఎవరిని ఓడిస్తుందో ముందే రాసుకునే బ్రాకెట్ షీట్లు ఆఫీసుల్లో, హాస్టళ్లలో చేతులు మారుతుంటాయి. కానీ ఎన్‌సీఏఏ పురుషుల టోర్నీలో 64 జట్ల అసలు పోరు మొదలుకాకముందే నాలుగు జట్లు ఇంటిదారి పడతాయి. ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో జరిగే ఆ నాలుగు మ్యాచ్‌లే ఫస్ట్ ఫోర్.

ముందు సీడింగ్ సంగతి చూద్దాం. టోర్నీకి వచ్చేది మొత్తం 68 జట్లు. 2025నే తీసుకుంటే, 31 జట్లు తమ కాన్ఫరెన్స్ (అంటే కాలేజీల లీగ్) కోటాలో నేరుగా వచ్చాయి. మిగతా 37 జట్లను సెలక్షన్ కమిటీ ఎంపిక చేసింది. ఈ కమిటీయే అన్ని జట్లకూ 1 నుంచి 68 వరకు ర్యాంకులిచ్చి, నాలుగు రీజియన్లలో 1 నుంచి 16 సీడ్లుగా సర్దుతుంది. 1వ సీడ్‌కు 16వ సీడ్, 2వ సీడ్‌కు 15వ సీడ్ ప్రత్యర్థి. సీజన్ అంతా బాగా ఆడినోళ్లకు తొలి మ్యాచ్ తేలిగ్గా ఉండాలన్నది ఇందులో లెక్క.

అసలు మెలిక ఇక్కడే ఉంది. డేటన్‌కు రెండు రకాల జట్లు వస్తాయి. కమిటీ ఎంపికలో చివరి నాలుగు జట్లు రెండు మ్యాచ్‌లు ఆడతాయి. అక్కడ గెలిస్తే దక్కేది ఎక్కువగా 11వ సీడ్, అంటే తర్వాతి ప్రత్యర్థి 6వ సీడ్. మిగతా రెండు మ్యాచ్‌లు కాన్ఫరెన్స్ కోటాలో వచ్చి ర్యాంకుల్లో అట్టడుగున ఉన్న నాలుగు జట్లవి. అవి గెలిస్తే దొరికేది 16వ సీడ్. ఎదురుగా 1వ సీడ్! కప్పు కొట్టి వచ్చిన చిన్న కాలేజీకి కొండ, పెద్ద లీగ్‌లో నాలుగో ఐదో స్థానంలో నిలిచిన జట్టుకు మెట్టు. ఆడిన ప్రత్యర్థుల స్థాయిని బట్టే ర్యాంకులన్నది కమిటీ వాదన. అందులో నిజం లేకపోలేదు, కానీ చిన్న కాలేజీల సొంత మైదానంలో ఆడటానికి పెద్ద జట్లు అరుదుగానే ముందుకొస్తాయి కదా!

అలాగని డేటన్ దారి మూసుకుపోయిందేం కాదు. 2011లో వీసీయూ ఫస్ట్ ఫోర్ నుంచి ఏకంగా సెమీస్‌కు చేరింది. 2021లో యూసీఎల్‌ఏ కూడా అదే చేసింది (కోవిడ్ వల్ల ఆ ఏడాది మ్యాచ్‌లు ఇండియానాలో జరిగాయి). ఈ రెండూ 11వ సీడ్లే.

16వ సీడ్ల కథ వేరు. 1985 నుంచి 2025 వరకు 160 మ్యాచ్‌ల్లో 1వ సీడ్‌ను అవి ఓడించింది రెండంటే రెండుసార్లే. అందులో ఒకటి 2023లో డేటన్ నుంచి వచ్చిన ఫెయిర్‌లీ డికిన్సన్. ఆ సీజన్‌లో దేశంలోనే పొట్టి జట్టు అది. పైగా కాన్ఫరెన్స్ ఫైనల్లో ఓడినా, గెలిచిన మెరిమాక్‌కు అర్హత లేకపోవడంతో టోర్నీకి వచ్చింది. డేటన్‌లో నెగ్గిన రెండు రోజులకే 7 అడుగుల 4 అంగుళాల జాక్ ఈడీ ఉన్న పర్డ్యూను 63-58తో ఇంటికి పంపేసింది.

డబ్బు కోణమూ ఉంది. ఫస్ట్ ఫోర్‌లో గెలిచి మరో మ్యాచ్ ఆడితే జట్టు కాన్ఫరెన్స్‌కు అదనంగా ఒక ‘యూనిట్’ వస్తుంది. ఆరేళ్లలో విడతలుగా అందే ఆ మొత్తం దాదాపు 20 లక్షల డాలర్లు. నేరుగా 1వ సీడ్ చేతిలో ఓడిపోయే జట్టుకు ఆ రెండో యూనిట్ రాదు. అందుకే డేటన్ పిలుపు అవమానమా, అవకాశమా అంటే చిన్న లీగ్‌లు వెంటనే జవాబు చెప్పలేవు.