పాత గచ్చు మీద కొత్త షీటు

రైల్వే ఉద్యోగాల మూలంగా బిలాస్‌పూర్‌లో ఎన్నో తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. ముంగేలి వెళ్ళే రోడ్డు మీది తఖత్‌పూర్ కూడా ఆ జిల్లాలోదే. మీరు అక్కడ ఉన్నా, తెలుగు రాష్ట్రాలలో ఉన్నా ఈ ప్రశ్న మీకు ఎదురై ఉండవచ్చు. ఇంట్లో టైల్స్ పాతబడ్డాయి. వాటిని పగలగొట్టించి కొత్తవి వేయించాలా? లేక వాటి మీదే వినైల్ షీటు పరిస్తే సరిపోతుందా?

నా అభిప్రాయం ఇది. కింది గచ్చు గట్టిగా ఉంటే పగలగొట్టించడం దండగ. గట్టిగా లేకపోతే షీటు కొనడం దండగ.

మొదటి మాటకు కారణాలు చూడండి. పగలగొట్టిస్తే కూలి, చెత్త ఎత్తివేత, కొత్త సిమెంటు అని మూడు ఖర్చులు. పైగా లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. షీటుకు ఈ బాధ లేదు. అద్దె ఇల్లయితే జిగురు రాయకుండా పరచి, ఇల్లు మారేటప్పుడు చుట్టి తీసుకుపోవచ్చు.

ఇక రెండో మాట. వినైల్ షీటును పి.వి.సి. అనే ప్లాస్టిక్కుతో తయారు చేస్తారు. గట్టిగా ఉండే పి.వి.సి.ని మెత్తగా వంగేటట్లు చేసే పద్ధతిని 1926లో అమెరికాలో వాల్డో సెమన్ కనుగొన్నాడు. ఆ మెత్తదనం వల్లనే షీటు నేలకు అతుక్కుంటుంది. అందువల్లనే కింది ఎగుడుదిగుడులు కూడా పైకి తేలుతాయి. టైల్స్ మధ్య సందులు పూడ్చకపోతే కొన్నాళ్ళకు షీటు మీద గళ్ళు కనిపిస్తాయి. చెమ్మ బయటికి పోయే దారిలేక జిగురు వదులుతుంది, బూజు పడుతుంది. లేచిన అంచు కాలికి తగిలి ఇంట్లో పెద్దవారు పడిపోతే, ఆ నష్టం టైల్స్ ఖర్చుకంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

“షీటు వేస్తే పగులు కనబడదు కదా!” అంటారు కొందరు. కనబడకపోవడం వేరు, బాగుపడడం వేరు. “పైన పటారం, లోన లొటారం” అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

కాబట్టి డబ్బు చెల్లించే ముందు ఈ పనులు చేయండి.

1. ప్రతి టైలును కర్రతో తట్టండి. డొల్ల శబ్దం వస్తే దానిని తీయించి మళ్ళీ వేయించండి.
2. ఒక ప్లాస్టిక్ కాగితాన్ని నేలపై పరచి, అంచులకు టేపు అంటించి ఒక రోజు ఉంచండి. అడుగున నీటి బొట్లు కనిపిస్తే ముందు చెమ్మ సంగతి చూడాలి.
3. జిడ్డు కడిగి, సందులు పూడ్చి, ఆరనివ్వండి.
4. షీటును పరచే గదిలోనే ఒక రోజు విప్పి ఉంచండి. వేడికి సాగి, చలికి ముడుచుకునే గుణం దానికి ఉంది.

అమ్మేవారు షీటు అందాన్ని చూపిస్తారు. కింది గచ్చును చూసుకోవలసింది మీరే.

ఆలోచించి రాయండి
1. రచయిత ఏ సందర్భంలో షీటు మంచిదన్నారు? ఏ సందర్భంలో వద్దన్నారు?
2. ఈ అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారా? మీ ఇంటి గచ్చును పరీక్షించి, కారణాలతో ఐదు వాక్యాలు రాయండి.