చేతులు కడుక్కోమనే ముందు

గోదావరిఖని దగ్గర, ఓపెన్‌కాస్ట్ గని మట్టిదిబ్బల పక్కనున్న ఒక ఊళ్లో ఆరోగ్య సమావేశానికి వెళ్లాను. సబ్బుతో చేతులు ఎలా కడుక్కోవాలో బొమ్మల చార్టు చూపించి వివరించాం. అంతా విన్నాక ఒక పెద్దామె లేచింది. "బిడ్డా, చేతులు కడుగుడు మాకు తెల్వదా? చేదబాయిల నీళ్లు ఎటువోయినయో అది చెప్పు" అంది. మా చార్టులో ఆ ప్రశ్నకు జవాబు లేదు.

నిజానికి జవాబు అందరికీ తెలిసిందే. బొగ్గు కోసం గొయ్యి భూగర్భ జలమట్టాన్ని దాటి లోతుకు దిగుతుంది. చుట్టూ నేలలోని నీరు అందులోకి ఊరుతుంది. గని మునగకుండా ఆ నీటిని ఎప్పటికప్పుడు తోడిపోస్తారు. చుట్టుపక్కల బావుల్లో, బోర్లలో నీళ్లు కిందికి పోతాయి. పక్కనే గోదావరి ఉంది. ఎల్లంపల్లి నుంచి ఆ నీళ్లు 2015 నుంచి హైదరాబాదు దాకా వెళుతున్నాయి. 2016లో మొదలైన మిషన్ భగీరథతో ఊళ్లకూ నల్లాలు వచ్చాయి. అది చిన్న మార్పు కాదు. అయితే నల్లా రాని రోజున ఆదుకోవడానికి ఊళ్లో బావి లేకపోతే, బిందె ఎక్కేది ఆడవాళ్ల నెత్తి మీదికే.

పరిశుభ్రత గురించి మనం చెప్పే పాఠాలన్నీ స్త్రీలకే. బిడ్డకు విరేచనాలైతే తప్పు తల్లిదే. నీళ్లు మరగబెట్టమంటాం. మరగబెడితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడు, నైట్రేటు పోవు. తాము తాగే నీళ్లలో ఏముందో తెలుసుకునే హక్కు గురించి మాత్రం మాట్లాడం. 2019 నాటి జల్ జీవన్ మిషన్ ప్రకారం ఊరికి ఐదుగురు స్త్రీలకు నీటి పరీక్షలు నేర్పాలి. మంచిదే. కానీ పరీక్షలో చెడ్డ ఫలితం వస్తే వాళ్లు ఎవరిని నిలదీయాలి?

సింగరేణిలో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. అంటే నీళ్లు తోడించేదీ, చేతులు కడుక్కోమని చెప్పేదీ ఒకే ప్రభుత్వం. 2015లో గనుల చట్టాన్ని సవరించి, గనుల వల్ల నష్టపోయిన ప్రాంతాల కోసం జిల్లా ఖనిజ నిధి ఏర్పాటు చేశారు. అందులో కనీసం 60 శాతం తాగునీరు, ఆరోగ్యం, పారిశుధ్యం, స్త్రీ శిశు సంక్షేమం వంటి ముఖ్యావసరాలకు ఖర్చు పెట్టాలని ఆనాడే నిబంధన పెట్టారు. ఈ సంగతి ఎంతమంది స్త్రీలకు చెప్పాం?

సబ్బు గురించి చెప్పడం సులువు. ఎవరికీ కోపం రాదు. అందుకే మన సంస్థలు కూడా అక్కడే ఆగిపోతున్నాయి. ఇక మీదట మన ఆరోగ్య సమావేశాల్లో మూడు లెక్కలు అడగాలి: గని నుంచి రోజుకు ఎంత నీరు తోడుతున్నారు, మన నీటి పరీక్షలో ఏం తేలింది, ఖనిజ నిధిలో ఈ ఊరికి ఎంత వచ్చింది. వీటిని గ్రామసభలో, తెలుగులో, స్త్రీల ముందు చదివి వినిపించాలి. చెప్పకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది, దరఖాస్తు మనమే రాసిపెడదాం.

చార్టు పక్కన పడేయమని నేను అనడం లేదు. పెద్దామె అడిగిన ప్రశ్నకు ముందు జవాబు చెప్పి, ఆ తర్వాత దాన్ని గోడకు తగిలిద్దాం.