సదరం లెక్కలో లేని పిల్లలు

ఇంట్లో ఒక బిడ్డకు ఆటిజమో, సెరిబ్రల్ పాల్సీయో ఉందని తేలితే రెండో బిడ్డకు ఓ బిరుదు దక్కుతుంది. కూతురైతే ‘బంగారు తల్లి, ఏదీ అడగదు’. కొడుకైతే ‘వయసుకు మించిన బుద్ధి’. చుట్టాలు మెచ్చుకోలుగానే అంటారు. ఎనిమిదేళ్ల పిల్ల ఏదీ అడగడం మానేసిందంటే, అడిగి లాభం లేదని దానికి తెలిసిపోయిందేమోనన్న అనుమానం మాత్రం ఎవరికీ రాదు.

ఇలాంటి ఇళ్లలో పెరిగినవాళ్లంతా కుంగిపోతారని కాదు. మేధో వైకల్యం ఉన్నవారి తోబుట్టువులపై వచ్చిన 25 అధ్యయనాలను రోసిటర్, షార్ప్ అనే పరిశోధకులు 2001లో కలిపి పరిశీలించారు. సగటున చెడు ప్రభావం కనిపించింది గానీ, అది స్వల్పమే. చాలామందికి ఆ అన్నంటే, ఆ చెల్లెలంటే ప్రాణం. చిక్కంతా ఆ ప్రాణంతో పాటే కోపమూ ఉండటంలో ఉంది. బళ్లో అందరి ముందూ తమ్ముడు అరిస్తే అక్కకు సిగ్గేస్తుంది. సిగ్గుపడినందుకు రాత్రి ఏడుపొస్తుంది. అమ్మతో చెప్పుకుందామంటే ఆమె అప్పుడే థెరపీ నుంచి వచ్చి నడుం వాల్చి ఉంటుంది. చెప్పుకోలేనిది కడుపునొప్పిగానో, నిద్ర పట్టకపోవడంగానో బయటపడుతుంది. ఒక్కోసారి మంచి మార్కుల వెనక దాక్కుంటుంది. మార్కులు బాగుంటే ఇక ఆ పిల్ల సంగతి ఎవరు పట్టించుకుంటారు?

చట్టానికి మాత్రం ఈ పిల్లలతో పెద్దయ్యాకే పని. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి 18 ఏళ్లు నిండాక, కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ సంరక్షకులను నియమించవచ్చు. తల్లిదండ్రుల తర్వాత ఆ నియామక పత్రం మీదికి ఎక్కే పేరేదో ఇంట్లో ఎప్పుడో ఖాయమై ఉంటుంది. ‘రేపు వాణ్ణి చూడాల్సింది నువ్వే కదా’ అని అయిదో తరగతి పిల్లతో అనేస్తారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం సంరక్షణ చేసేవారి నిర్వచనంలో కుటుంబ సభ్యులను చేర్చింది. ఆ కుటుంబ సభ్యుల్లో పదేళ్లవాళ్లూ ఉంటారన్న ఎరుక మాత్రం పథకాల్లో కనిపించదు.

ఆడపిల్ల సంగతి ఇంకా కష్టం. పెళ్లిచూపుల్లో ‘మీ ఇంట్లో ఎవరికైనా వైకల్యం ఉందా?’ అని ఆరా తీస్తారు. ఆ ప్రశ్నకు భయపడి, పెళ్లివారు వచ్చిన పూట అన్నను పక్కింట్లో కూర్చోబెట్టే ఇళ్లున్నాయి. ఆ పూట ఆమె మనసులో ఏముందో అడిగేవాళ్లుండరు. డుషేన్ కండరాల క్షీణత లాంటి జబ్బుల్లో అక్కచెల్లెళ్లు ఆ జన్యువును మోసే అవకాశం నిజంగానే ఉంది. అది జన్యు సలహాదారుతో నింపాదిగా మాట్లాడి తెలుసుకోవాల్సిన విషయం. మన దగ్గర అది పెళ్లిళ్ల పేరయ్య నోట ముందు వినబడుతుంది.

అమెరికాలోని సియాటిల్‌లో డాన్ మేయర్ ఇలాంటి తోబుట్టువుల కోసమే 1982లో ‘సిబ్‌షాప్’లు మొదలుపెట్టారు. ఆటలు, తిండి, మధ్యమధ్య తమలాంటి పిల్లలతో కబుర్లు. చికిత్స పేరుతో ఏమీ ఉండదు. మన మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి, ప్రత్యేక ఉపాధ్యాయులున్నారు. తమ్ముడికి ఫిజియోథెరపీ జరుగుతున్నంతసేపూ ఆ పిల్ల వరండాలో సంచీ పట్టుకుని కూర్చునే ఉంటుంది. అలాంటి పిల్లలను నెలకోసారి ఒకచోట చేర్చడానికి కొత్త పథకం అక్కర్లేదు. పెద్ద పిల్లలకు మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 గోడ మీద రాసి పెట్టొచ్చు. వైకల్య ధ్రువపత్రం కోసం సదరం శిబిరానికి వచ్చిన తల్లిని ‘రెండో పాప ఎలా ఉందమ్మా?’ అని డాక్టరు అడగడానికి జీవో ఏమీ రానక్కర్లేదు.