సంతకం దగ్గర గుర్తొచ్చే కూతుళ్ళు

వంశచరిత్రలు అచ్చు వేయించుకోవడం ఈ మధ్య ఒక వేడుక అయింది. షష్టిపూర్తికి వచ్చినవాళ్ళకు తాంబూలంతో పాటు ఒక పుస్తకం. సంగారెడ్డి, పటాన్‌చెరు, రామచంద్రాపురం కాలనీల నుంచి అలాంటివి నా దగ్గరికీ వస్తుంటాయి. సాహిత్యంలో పరిశోధన చేసిన మనిషిని కదా, భాష సరిచూడమనీ ముందుమాట రాయమనీ తెస్తారు. రాయలేకపోతున్నాను. ఎందుకో చెప్పాలి.

వీటిలో ఒక రకం, వలస వచ్చిన కుటుంబాల కథ. మంజీర మా సంగారెడ్డి దాటి దిగువకు పోయి నిజాంసాగర్‌లో కలుస్తుంది. 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆ ప్రాజెక్టు కాలువల కింద సాగుకు గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి రైతులు వచ్చారు. బోధన్, వర్ని, బాన్సువాడ చుట్టూ వాళ్ళు కట్టుకున్న పల్లెల్ని ఇప్పటికీ క్యాంపులనే అంటారు. ఆ ఇళ్ళ మనవల్లో కొందరు తర్వాత బి.హెచ్.ఇ.ఎల్. ఉద్యోగాలకో, పారిశ్రామికవాడలో సొంత షెడ్డు వేసుకోవడానికో ఇటు చేరారు. డబ్బు వచ్చింది, ఇప్పుడు చరిత్ర కావాలి.

పుస్తకం ‘మూలపురుషుడి’తో మొదలవుతుంది. (మూలస్త్రీ అనే మాట మన భాషలో ఎందుకు లేదో ఎవరైనా ఆలోచించారా?) ఆయన ఎడ్లబండి కట్టుకుని వచ్చాడు, తుప్పలు కొట్టాడు, బీడు దున్నాడు, బంగారం పండించాడు. ప్రతి వాక్యానికీ కర్త ఆయనే. వరినాటు ఆడవాళ్ళ పని అని కోస్తాలోనైనా తెలంగాణలోనైనా తెలియనిది ఎవరికి? ఆ మడుల్లో వంగి నాట్లు వేసిన చేతులు ఒక్క పేజీలోనూ కనపడవు. ఆ బీడులో అంతకుముందు ఎవరి మేకలు మేశాయి, ఎవరు కట్టెలు ఏరుకున్నారు అన్నదీ లేదు. ఆయన వచ్చేదాకా అక్కడ మనుషులే లేనట్టు!

ఇక వంశవృక్షం. భార్య పేరు ఉంటుంది, పుట్టింటి ఇంటిపేరు ఉండదు. అంటే ఆమె నుంచి వెనక్కి వెళ్ళే దారి మూసేశారు. కూతురు పేరు ఒక్కోసారి ఉంటుంది, ఆమె కింద గీత ఉండదు. అంటే ముందుకు వెళ్ళే దారీ మూసేశారు. పెళ్ళితో ఒకసారి, వలసతో ఒకసారి ఊరు పోగొట్టుకున్న మనిషి కాగితం మీద మూడోసారి పోతుంది.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. అమెరికాలో పశ్చిమానికి బండ్లు కట్టుకుని పోయిన ‘తొలి కుటుంబాల’ వంశం వెతికేవాళ్ళూ ఇక్కడే ఆగిపోతారు. అక్కడి జనాభా లెక్కల్లో 1840 దాకా ఇంటి యజమాని పేరే రాశారు, మిగతావాళ్ళు వయసు గడుల్లో అంకెలు. 1850లో స్వేచ్ఛగా ఉన్నవాళ్ళందరి పేర్లూ వచ్చాయి, బానిసల పేర్లు అప్పుడూ రాలేదు. 1862 హోమ్‌స్టెడ్ చట్టం 160 ఎకరాలు ఇస్తానన్నప్పుడు పెళ్ళికాని స్త్రీ, వితంతువు అడగొచ్చు, భర్త ఉన్న స్త్రీకి మామూలుగా ఆ హక్కు లేదు. పంచిన నేల ఆదివాసులది. అక్కడా అంతే, ‘ఖాళీ భూమి’, ఒక మగవాడు, ఆయన ఇంటిపేరు.

మళ్ళీ పటాన్‌చెరుకు వద్దాం. ఇక్కడ ఇంకో వంశవృక్షం తయారవుతుంది, దాన్ని ఎవరూ షష్టిపూర్తిలో పంచరు. కారిడార్లూ రింగురోడ్డూ వచ్చి ఎకరం కోట్లలోకి పోయాక, కొనేవాడి వకీలు మొదట అడిగేది ఫ్యామిలీ ట్రీ. అందులో కూతుళ్ళందరూ ఉండాలి. చనిపోయిన కూతురుంటే ఆమె పిల్లలూ ఉండాలి. ఎందుకంటే 1956 చట్టం తండ్రి ఆస్తిలో కూతుర్ని వారసురాలిని చేసింది. 1985లో ఆంధ్రప్రదేశ్ అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వాటా ఇచ్చింది, 2005లో కేంద్రం ఆ హక్కును అందరికీ చేసింది, తండ్రి ఆనాటికి బతికి ఉండనక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ఒక్క సంతకం తక్కువైనా అమ్మకం ఆగుతుంది. దాంతో ముప్పై ఏళ్ళుగా గుర్తురాని అక్క గుర్తొస్తుంది. కారు పంపుతారు. ‘అక్కా, నీ చేత్తో ఒక్క సంతకం’ అంటారు. చీరె పెట్టి, పసుపు కుంకుమ ఇచ్చి, హక్కు విడుదల దస్తావేజు మీద వేలిముద్ర తీసుకుంటారు. వలస వచ్చినవాళ్ళని కాదు, తరతరాలుగా ఇక్కడున్న ఇళ్ళల్లోనూ ఇదే తంతు.

ఎంత విచిత్రం! తన పేరు పూర్తిగా, భర్త పేరుతో, ఊరుతో, వయసుతో సహా తన వంశంలో మొదటిసారి నమోదయ్యేది, ఆ వంశం ఆస్తి నుంచి తప్పుకుంటున్నానని ఒప్పుకున్న రోజే.

‘మా ఇంటి సంతోషానికి రాసుకున్న పుస్తకంలో కూడా మీ ఫెమినిజమేనా మేడమ్?’ అని ఒకాయన నవ్వుతూ అడిగారు. సంతోషమే అయితే సగం ఇంటిని బయట ఎందుకు నిలబెట్టారు? ‘ఆడవాళ్ళ వివరాలు దొరకవండీ’ అన్నది ఇంకో జవాబు. అబద్ధం. సాయుధ పోరాటంలో స్త్రీల జాడ లేదనుకుంటున్న కాలంలో స్త్రీశక్తి సంఘటన వాళ్ళు వెళ్ళి వాళ్ళనే అడిగారు. 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ వచ్చింది. అడిగితే దొరుకుతాయి. పైగా ఈ కుటుంబాలు వెతకనక్కర్లేదు కూడా, వివరాలు బీరువాలోనే ఉన్నాయి.

అందుకే ముందుమాట కోసం వచ్చేవాళ్ళకు ఇప్పుడు ఒక షరతు పెడుతున్నాను. దస్తావేజుకు జతచేసిన ఆ ఫ్యామిలీ ట్రీ జిరాక్సు తెండి. పుస్తకంలో అదే వేయండి. కింద, ఏ కూతురు ఏ సంవత్సరం ఎన్ని ఎకరాల మీద హక్కు వదులుకుందో, అందుకు ఆమెకు ఏం ఇచ్చారో కూడా వేయండి. ఇప్పటిదాకా ఎవరూ తేలేదు.