బుల్లితెర మీద రసాయన శాస్త్రం, బందరులో పసుపుపచ్చ గీత

మన వార్షిక సంచికలో సినిమాల మీద, రాజకీయాల మీద, ప్రేమ మీద వ్యాసాలకు ఏనాడూ కొదవ లేదు. రసాయన శాస్త్రం అనగానే పేజీ తిప్పేసే మిత్రులు చాలామంది ఉన్నారని తెలిసే ఇది రాస్తున్నాను. తిప్పకండి. ఇందులో సమీకరణాలు లేవు. టెలివిజన్ ఉంది, ఒక గ్రహణం ఉంది, మన బందరు ఉంది.

ఈ మధ్య హాస్టల్లో రాత్రి భోజనాలయ్యాక మేము నలుగురం కూర్చుని విదేశీ డాక్యుమెంటరీలు చూడటం అలవాటు చేసుకున్నాం. 2010లో బి.బి.సి. వారు మూడు భాగాలుగా ప్రసారం చేసిన ‘కెమిస్ట్రీ: ఎ వోలటైల్ హిస్టరీ’ చూశాం. 2015లో అమెరికాలో పి.బి.ఎస్. వారు వేసిన ‘ది మిస్టరీ ఆఫ్ మ్యాటర్’ కూడా చూశాం. మొదటిదాంట్లో జిమ్ అల్-ఖలీలీ అనే భౌతిక శాస్త్ర ఆచార్యుడు స్వయంగా మనల్ని వెంటబెట్టుకుని తిప్పుతాడు. రెండోదాంట్లో నటులు ప్రీస్ట్లీ, లెవోషియే, డేవీ, మెండలీఫ్, మేరీ క్యూరీ, మోస్లీ, సీబోర్గ్‌ల వేషాలు కట్టి మాట్లాడతారు. నిజం చెప్పొద్దూ, అద్భుతంగా తీశారు. 1669 ప్రాంతంలో హాంబర్గులో బ్రాండ్ అనే ఆయన బంగారం వస్తుందన్న ఆశతో మూత్రాన్ని మరగబెట్టి మరగబెట్టి ఫాస్ఫరస్ సాధించాడన్నది మన పాఠ్యపుస్తకంలో అయితే ఒక పంక్తి, పరీక్షలో అయితే ఒక మార్కు. తెర మీద చూస్తే ఆ కంపు ముక్కుకి తగులుతుంది! లెవోషియే త్రాసు ముందు నిలబడి ప్రతిదీ తూచి చూసుకోవడం, అంతటివాడి తల 1794లో గిలెటిన్ కింద తెగిపోవడం చూశాక, ద్రవ్యనిత్యత్వ నియమం మరిచిపొమ్మన్నా మరిచిపోలేం.

కాబట్టి ఈ చిత్రాలను నేను తక్కువ చేయడం లేదు. నా పేచీ వేరు.

ఒకటి, తెరకు ‘ఆ క్షణం’ కావాలి. శాస్త్రజ్ఞుడు గాజు కుప్పె పైకెత్తి చూస్తాడు, వెనక వయొలిన్లు మోగుతాయి, కళ్ళు మెరుస్తాయి, అయిపోయింది, కనిపెట్టేశాడు! పదేళ్ళ తప్పుడు లెక్కలు, అందని ఉత్తరాలు, నమ్మని తోటివాళ్ళు ఎడిటింగ్ బల్ల మీదనే రాలిపోతాయి. రెండు, ఆ కథలన్నీ లండను, పారిస్, పీటర్స్‌బర్గుల్లోనే జరుగుతాయి. వాళ్ళ కథ వాళ్ళు తీసుకున్నారు, అందుకు వాళ్ళను తప్పుపట్టడం న్యాయం కాదు. మన కథ మనం ఎందుకు తీసుకోలేదన్నదే నా ప్రశ్న.

సాధనాలు లేక అంటారా? 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా, ఏడాదిపాటు, అమెరికా వారి ఉపగ్రహం ద్వారా మన దేశంలో 6 రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు పంపారు. ‘సైట్’ అని దాని పేరు. మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు వంటి జిల్లాల పల్లెల్లో బడిపిల్లలు సైన్సు పాఠాలు తెలుగులో, అదీ ఉపగ్రహం నుంచి, చూశారు. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం పుట్టింది 1977 అక్టోబరులో. అంటే రాజధానికన్నా ముందు పల్లెకు సైన్సు వచ్చిందన్నమాట. ఆ తరవాత 1984లో యు.జి.సి. వారి ‘కంట్రీవైడ్ క్లాస్‌రూమ్’ మొదలైంది, అది చాలావరకు ఇంగ్లీషు. 1989లో చందితా ముఖర్జీ దర్శకత్వంలో 13 భాగాల ‘భారత్ కీ ఛాప్’ వచ్చింది, మన దేశపు విజ్ఞాన చరిత్ర మీద. చక్కని ప్రయత్నం. అది హిందీ.

అదే దూరదర్శన్ 1980 ఫిబ్రవరి 16న ఏం చేసిందో తెలుసునా? ఆరోజు సంపూర్ణ సూర్యగ్రహణం, మన తెలుగు నేల మీదుగానే. రంగారెడ్డి జిల్లా జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు పరికరాలు సర్దుకుని ఆ నాలుగు నిమిషాల లోపు చీకటి కోసం కాచుక్కూచున్నారు. దూరదర్శన్ మాత్రం జనం బయటికి రాకుండా ఆ మధ్యాహ్నం హిందీ సినిమా వేసింది! కళ్ళు పోతాయన్న భయం సబబే. కాని సూర్యుణ్ణి తెర మీద చూపించగల యంత్రాన్ని, సూర్యుణ్ణి చూడనివ్వకుండా వాడుకోవడం మనకే చెల్లింది. పచ్చళ్ళ జాడీల మీద దర్భలు పరిచి, తలుపులేసుకుని కూర్చునే మా పెనుగొలను పెద్దవాళ్ళను ఇంక ఏమని అనను?

ఇప్పుడు అసలు కథ. దీనికీ గ్రహణమే మూలం.

1868 ఆగస్టు 18. సంపూర్ణ సూర్యగ్రహణపు చీకటి దారి దక్కను మీదుగా వచ్చి గుంటూరు, బందరు దాటి సముద్రంలోకి దిగింది. బున్సెన్, కిర్కాఫ్‌లు వర్ణపట విశ్లేషణ కనిపెట్టి అప్పటికి పదేళ్ళు కూడా కాలేదు. ఏ మూలకాన్ని మండించినా దాని వెలుగులో దాని గీతలే వస్తాయి, మనిషికి వేలిముద్రలాగ. ఆ కొత్త ఆయుధాన్ని గ్రహణ సూర్యుడి మీద ఎక్కుపెట్టడానికి వచ్చినవాళ్ళే అంతా. ఫ్రాన్సు నుంచి వచ్చిన జాన్సెన్ గుంటూరులో మకాం వేశాడు. ఇంగ్లీషు వాళ్ళ తరఫున మేజర్ టెనెంట్ కూడా అక్కడే. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పోగ్సన్ బందరులో. ఆయన దగ్గర పనిచేసే చింతామణి రఘునాథాచారి మరో బృందంతో వనపర్తిలో. ఈ రఘునాథాచారి సామాన్యుడు కాడు. అంతకు ముందు ఏడే ఒక చరకాంతి నక్షత్రాన్ని కనిపెట్టినవాడు. 1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటబోతున్నాడని తమిళంతోపాటు మరికొన్ని దేశభాషల్లో జనానికి పుస్తకం రాసి పంచినవాడు. టెలివిజన్ లేని రోజుల్లో ఆయనే ఒక టెలివిజన్ అనుకోండి.

చీకటి పడింది. చంద్రుడి అంచున ఎర్రని జ్వాలలు లేచాయి. జాన్సెన్ తన పరికరంలో ప్రకాశమైన గీతలు చూసి, ఆ జ్వాలలు వాయువులేననీ, అందులో ముఖ్యమైనది హైడ్రోజననీ గ్రహించాడు. అంతటితో ఆగలేదు. మర్నాడు, గ్రహణం లేకుండానే, పట్టపగటి సూర్యుడి అంచున అవే జ్వాలలను మళ్ళీ పట్టుకున్నాడు. గుంటూరు సాధించిన నిజమైన ఘనత అది. ఆయన ఉత్తరం ఓడలెక్కి పారిస్ చేరేసరికి అక్టోబరు నెలాఖరయింది. ఈలోగా అక్టోబరు 20న లండనులో నార్మన్ లాక్యర్ కూడా గ్రహణంతో పనిలేకుండా అదే పని చేశాడు. ఇద్దరి వార్తా ఫ్రెంచి అకాడమీలో ఒకే సమావేశంలో చదివారు! 1872లో ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి బొమ్మలూ ఒకే పతకం మీద ముద్రించింది.

మరి పసుపుపచ్చ గీత? అది ఆ రోజు చాలామందికి కనిపించింది. ఉప్పును మంటలో వేస్తే వచ్చే సోడియం పసుపు మనకు తెలిసిందే కదా. దాని జంట గీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటాయి. ఇదీ అదేలే అని దాదాపు అందరూ సరిపెట్టుకున్నారు. ఇది సోడియం గీతతో సరిగ్గా కలవడం లేదేమోనన్న అనుమానం కాగితం మీద పెట్టినవాడు బందరులో కూర్చున్న పోగ్సన్. ఆయన నివేదిక మద్రాసులో అచ్చయింది, ఐరోపాలో దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. తరవాత లాక్యర్ పట్టుదలగా కొలిచి చూసి, ఈ గీత వేరే చోట, 587.6 దగ్గర ఉందని తేల్చి, భూమ్మీద తెలియని మూలకం ఏదో సూర్యుడిలో ఉందన్నాడు. సూర్యుడి గ్రీకు పేరు మీద హీలియం అన్నారు. నమ్మినవాళ్ళకంటే నవ్వినవాళ్ళే ఎక్కువ. 1895లో రామ్సే క్లీవైట్ అనే ఖనిజాన్ని ఆమ్లంతో మరిగించి, వచ్చిన వాయువు వర్ణపటంలో అదే గీతను చూసేదాకా ఈ వ్యవహారం 27 ఏళ్ళు నలిగింది.

ఇప్పుడు మన ఫోన్లలో తిరిగే వీడియోలు చూడండి. ‘హీలియం పుట్టింది మన గుంటూరులోనే!’ అని కేక, మూడు నిమిషాల్లో సరి. మా గదిలో ఒక మిత్రుడు నాతో దెబ్బలాటకే దిగాడు. “ఏరా, నువ్వు మనోడివా, కాదా? గుంటూర్లో కనిపెట్టారంటే నీకేంటి నొప్పి?” నొప్పేమీ లేదు. జాన్సెన్ గుంటూరు నుంచి రాసిన ఉత్తరంలో కొత్త మూలకం ఊసే లేదు, అంతే. లేని గొప్ప తగిలించుకోబోయి ఉన్న గొప్ప పోగొట్టుకుంటున్నాం. బందరులో ఒక మనిషి అనుమానపడ్డాడు చూశారా, అది నాకు ‘కనిపెట్టేశాం’ అన్న కేకకంటే పెద్ద విషయం. అందరూ సోడియమే అంటున్నప్పుడు, కాదేమో అనడానికి ఎంత కొలత కావాలి, ఎంత గుండె కావాలి! బి.బి.సి. వాళ్ళు ‘ఆ క్షణం’ కోసం వెతుక్కుంటే వెతుక్కోనీండి. మనవాళ్ళు తీసే చిత్రమైనా ఆ అనుమానాన్ని చూపించాలి.

ఇదంతా ఎందుకింత పట్టింపు అంటే, మనలో ఎక్కువమందిమి తిరువూరు లాంటి చోట్ల నుంచి, అంతకన్నా చిన్న పల్లెల నుంచి వచ్చినవాళ్ళం. నేను ఇంటర్మీడియట్ చదివిన కాలేజీలో ప్రయోగశాల తాళం ప్రాక్టికల్ పరీక్షకు వారం ముందు తీసేవాళ్ళు. సాల్ట్ ఎనాలిసిస్ మేము చేయలేదు, బట్టీపట్టాం. ‘బంగారు పసుపు జ్వాల, సోడియం’ అని రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళలో ఎందరు ఆ జ్వాల చూశారు? చూడనివాడికి, ఈ పసుపు ఆ పసుపు కాదేమోనన్న అనుమానం ఎక్కణ్ణుంచి వస్తుంది? చేత్తో పట్టుకోని సైన్సును తెర మీద ఎంత అందంగా చూపించినా, అది వేరేవాళ్ళ ఊళ్ళో జరిగిన పెళ్ళిలాగే ఉంటుంది.

అందుచేత యూనియన్ పెద్దలకు, మన డిపార్ట్‌మెంట్ మాస్టార్లకు, ముఖ్యంగా ఈ సంచిక అందుకునే పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. అరగంట తెలుగు డాక్యుమెంటరీ మనమే తీద్దాం. కెమెరా ఈరోజు ప్రతివాడి జేబులోనూ ఉంది. గుంటూరు, బందరు, వనపర్తి, మూడు ఊళ్ళూ బస్సులో పోయివచ్చే దూరమే. ఫిజిక్సు వాళ్ళ స్పెక్ట్రోమీటరు, హీలియం గొట్టం, సోడియం దీపం కావాలి. జాన్సెన్ వేషం ఎవరు వేసినా సరే, పోగ్సన్ వేషానికి మాత్రం నిదానంగా మాట్లాడేవాడు కావాలి. చివరి దృశ్యాన్ని విజయవాడ ఆస్పత్రుల్లో ఒకదానిలో ఎం.ఆర్.ఐ. యంత్రం దగ్గర తీయవచ్చు. దాని అయస్కాంతాన్ని −269 డిగ్రీల దగ్గర చల్లగా ఉంచేది ఈ హీలియమే. చిత్రం పూర్తయ్యాక మొదట వేయవలసింది మన ఆడిటోరియంలో కాదు. మా పెనుగొలను బళ్ళో, పక్కన ఒక స్పిరిటు దీపం, చిటికెడు ఉప్పు పెట్టి.

ఖర్చు లెక్క వేసి ఉంచాను. అడిగినవారికి చూపిస్తాను.